దస్తూరి చూసి మనిషిని చెప్పొచ్చా? ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

ఈ పని కాగితంతో మొదలుపెట్టకండి. ఒక సాయంత్రం మా విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్ళండి. అల వెనక్కి పోయాక గట్టిగా ఉండే తడి ఇసుక మీద, చెప్పులు విడిచి, కాలి బొటనవేలితో మీ సంతకం పెట్టండి. ఇంకో అల వచ్చేలోగా ఫోన్లో ఫొటో తీసుకోండి. ఇంటికొచ్చి దాన్ని మీ మామూలు సంతకం పక్కన పెట్టి చూడండి. వంకరటింకరగానే ఉంటుంది. కానీ ఎక్కడ మెలిక తిప్పారో, ఏ అక్షరాన్ని సాగదీశారో, చివరి గీత ఎటు విసిరారో చూస్తే అది మీదేనని ఇంట్లోవాళ్ళు ఇట్టే గుర్తుపడతారు.

విల్‌హెల్మ్ ప్రేయర్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి 1895లోనే రాశాడు. చేత్తో రాసినా, కాలితో రాసినా, పళ్ళ మధ్య పెన్సిల్ పెట్టుకుని రాసినా ఒక మనిషి రాతకు ఒకే పోలిక ఉంటుంది. రాసేది వేళ్ళు కాదు, మెదడు. దస్తూరి చూసి స్వభావం చెబుతామనేవాళ్ళు పట్టుకునేది సరిగ్గా ఈ మాటనే. మెదడే రాస్తోంది కాబట్టి ధైర్యం, పిరికితనం, పొదుపు, పొగరు అన్నీ రాతలోకి దిగుతాయంటారు. మొదటి మాట నిజమని బీచ్‌లో చూశారు. రెండో మాట సంగతి తేల్చుకోవడానికి ఒక నెల పడుతుంది. ఖర్చు వంద రూపాయలు దాటదు.

నా సంగతి ఒక ముక్క చెబుతాను. విశాఖలోనే ఒక బ్యాంకులో ముప్పై ఏళ్ళు పనిచేశాను. అందులో సగం కాలం నా పని చెక్కు మీది సంతకాన్ని కార్డు మీది సంతకంతో సరిపోల్చడం. ఫలానా రాత ఫలానావారిదేనా అని చెప్పడం నాకు బాగానే వచ్చు. రిటైరయ్యాక ఆశీల్‌మెట్ట దగ్గర ఒక హాల్లో రెండు ఆదివారాలు దస్తూరి శాస్త్రం క్లాసు జరిగితే ఫీజు కట్టి కూర్చున్నాను. రాసింది ఎవరో చెప్పగలిగినవాడిని, ఎలాంటివారో మాత్రం చెప్పలేనా అన్న ధీమా ఉండేది. ఆ రెండూ వేరు వేరు పనులని తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది.

ముందు రాతలు పోగుచేయాలి

ఐదుగురిని ఎంచుకోండి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. తాతగారిని, పదో తరగతి పిల్లని, డాక్టరుగారిని, వంటమనిషిని కలిపి తీసుకుంటే మీరు స్వభావం చదవరు, వయసూ చదువూ ఊహిస్తారు. ఐదుగురూ దాదాపు ఒకే వయసువారు, ఒకే రకం చదువు చదివినవారు, అందరూ ఆడవాళ్ళు లేదా అందరూ మగవాళ్ళు అయి ఉండాలి. ఆడామగా తేడా రాతలో కొంత పట్టుబడుతుంది. తెలివితేటల పరీక్షలకు ఆద్యుడైన ఆల్ఫ్రెడ్ బినే 1906 ప్రాంతంలో పారిస్‌లో పరీక్షించి చూసినప్పుడు, రాతలు చూసినవాళ్ళు రాసింది ఆడవారా మగవారా అన్నది గాలివాటంగా చెప్పినదానికంటే మెరుగ్గానే చెప్పగలిగారు. అది మనకు సాయం కాదు, అడ్డం.

గీతల్లేని తెల్లకాగితం ఇవ్వండి. కింద మెత్తగా నాలుగైదు కాగితాలు పరచండి, లేకపోతే పెన్ను ఒత్తిడి తెలియదు. ఎవరి పెన్నుతో వారు రాయాలి. బ్యాంకు కౌంటర్లో దారంతో కట్టేసిన బాల్ పెన్ను మీకు తెలిసే ఉంటుంది. సగం ఎండిన ఆ రీఫిల్‌తో రాస్తే ఎంత నెమ్మదస్తుడైనా కాగితం చిరిగేలా ఒత్తుతాడు. విత్‌డ్రాయల్ ఫారం మీది రాతలు కూడా వద్దు. అంగుళం గడిలో పేరంతా ఇరికించిన మనిషిని సంకుచిత స్వభావుడు అనేయడం అన్యాయం.

ఏం రాయించాలి? క్లాసులో మా గురువుగారు "మీకు నచ్చిన విషయం మీద ఒక పేజీ రాయమనండి, సహజంగా వస్తుంది" అన్నారు. పాశ్చాత్య దేశాల్లో ఈ విద్య చేసేవాళ్ళు కూడా చాలావరకు అదే కోరతారు. మీరు మాత్రం అలా చేయకండి. నచ్చిన విషయం రాయమంటే ఒకావిడ తిరుపతి ప్రయాణం రాస్తుంది, ఒకాయన ఆఫీసులో జరిగిన అన్యాయం రాస్తాడు. ఇక అక్షరాలతో పనేముంది? 1989లో ఇజ్రాయెల్‌కు చెందిన నెటర్, బెన్-షకర్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన 17 అధ్యయనాలను కలిపి లెక్కవేశారు. దస్తూరి నిపుణులు ఆ విద్య రానివాళ్ళకంటే మెరుగ్గా ఏమీ చెప్పలేదు. చెప్పిన ఆ కాస్త కూడా చాలావరకు రాసిన విషయం నుంచి వచ్చిందే.

కాబట్టి అందరికీ ఒకే ముక్క డిక్టేషన్ చెప్పండి. నేను వాడేది ఇది, కావాలంటే తీసుకోండి:

"నిన్న ఉదయం కైలాసగిరి మీద మబ్బు పట్టింది. ద్వారకానగర్‌లో మాత్రం చినుకు లేదు. ఋతువు మారితే సముద్రం రంగు మారుతుందని మా అమ్మమ్మ కథలు చెప్పేది. లక్ష్మణరావు గారు ఘాట్ రోడ్డు ఎక్కే ముందు ఫలహారం చేసి, 45 రూపాయలు ఇచ్చి, గొడుగు మర్చిపోయి వెళ్ళారు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు తడిసి ఇంకా ఎర్రగా ఉన్నాయని ఫోన్ చేశారు. నిన్నటి గొడుగు ఇవాళ ఇంటికి చేరింది."

ఇందులో పెద్ద సాహిత్యం లేదు. తలకట్లు, గుడులు, కొమ్ములు, ఒత్తులు, థ, ఘ, ఫ, ఋ, అంకెలు అన్నీ ఒకచోట పడాలని కట్టిన వాక్యాలు. మొదట నెమ్మదిగా ఒకసారి, అది అయ్యాక వెనక్కి తిప్పి తొందర తొందరగా ఇంకోసారి రాయించండి. చక్కగా రాయాలన్న స్పృహ రెండోసారికి జారిపోతుంది. అసలు రాత అదే.

ఒక్క జాగ్రత్త. సంతకం మాత్రం అడగకండి. ఎవరైనా తెల్లకాగితం మీద మీ సంతకం అడిగినా ఇవ్వకండి, అది దస్తూరి క్లాసైనా సరే. ఖాళీ కాగితం మీద సంతకం ఏయే పనులకు పనికొస్తుందో బ్యాంకులో ముప్పై ఏళ్ళు చూసినవాడిగా చెబుతున్నాను.

ఇప్పుడు కళ్ళతో కాదు, స్కేలుతో చూడండి

పగటి వెలుతురులో కిటికీ పక్కన కూర్చోండి. భూతద్దం, స్కేలు, పెన్సిల్ చాలు. తొందరగా రాసిన వైపు తీసుకుని ఇవి నోట్‌బుక్‌లో రాసుకోండి: అక్షరం ఎత్తు ఎన్ని మిల్లీమీటర్లు, మాటకూ మాటకూ మధ్య ఎంత ఖాళీ, ఎడమ మార్జిన్ నిటారుగా ఉందా పక్కకు జరుగుతోందా, వరుస చివరికొచ్చేసరికి పైకి లేచిందా కిందికి జారిందా. కాగితం మరోవైపు వేలితో తడమండి, ఒత్తిడి చేతికే తెలుస్తుంది. వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుంటే గాడి కంటికీ కనపడుతుంది.

సంప్రదాయ దస్తూరి శాస్త్రం వీటికి చెప్పే అర్థాలు కూడా పక్కన రాసుకోండి. ఎందుకంటే పరీక్షించబోయేది వాటినే. పెద్ద అక్షరాలైతే నలుగురిలో కలిసే మనిషి, చిన్నవైతే ఏకాగ్రత. కుడివైపు వాలితే భావావేశం, ఎడమకు వాలితే లోలోపలి మనిషి. వరుస పైకి లేస్తే ఆశావాది, జారితే దిగులు. గట్టి ఒత్తిడి అంటే పట్టుదల. మాటల మధ్య ఖాళీ ఎక్కువైతే ఒంటరితనం కోరుకునేవారు.

ఈ ఆలోచన పాతదే. ఇటలీలో బొలోన్యాకు చెందిన కమిల్లో బాల్ది ఉత్తరం చూసి రాసినవారి స్వభావం తెలుసుకోవడం గురించి 1622లోనే రాశాడు. దానికి 'గ్రాఫాలజీ' అని పేరు పెట్టి 1870లలో ప్రచారంలోకి తెచ్చింది ఫ్రెంచి మతగురువు మిషో. ఒక గీతకు ఒక గుణం అని పట్టిక వేసింది కూడా ఆయనే. ఆయన తర్వాత వచ్చిన క్రెప్యూ-జమే ఆ పట్టికను ఒప్పుకోలేదు. ఏ గుర్తుకూ స్థిరమైన అర్థం లేదు, రాత మొత్తాన్ని చూడాలన్నాడు. వినడానికి బాగుంది. కానీ మొత్తం చూసి చెప్పేటప్పుడు ఏది తప్పయినా ఇంకో గుర్తు మీదికి నెట్టేయొచ్చు. పట్టికైతే కనీసం తప్పో ఒప్పో తేల్చుకోవచ్చు కాబట్టి మనకు మిషో పట్టికే మేలు.

తెలుగు దగ్గరకొచ్చేసరికి

క్లాసులో మొదటి ఆదివారమంతా ఇంగ్లీషు 'టి' అక్షరం అడ్డగీత గురించే. గీత పైన ఉంటే పెద్ద ఆశయాలు, కింద ఉంటే ఆత్మవిశ్వాసం తక్కువ. 'ఐ' మీద చుక్క సరిగ్గా పెడితే శ్రద్ధ. 'వై', 'జి' తోకలు పొడుగ్గా కిందికి దిగితే కోరికలు. నేను చెయ్యెత్తి "తెలుగులో రాసేవాళ్ళ మాటేమిటండీ?" అనడిగాను. గురువుగారు ఒక్క క్షణం ఆగి, "తలకట్టునే టి గీత అనుకోండి" అన్నారు. హాల్లో అందరూ రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను.

ఇంటికొచ్చి 'బలం' అని రాశాను. అందులో తలకట్టే లేదు. బ, ల, జ, ట, ణ ఇవేవీ తలకట్టు పెట్టుకునే అక్షరాలు కావు. 'కత' అని రాస్తే రెండు తలకట్లు, 'కీర్తి' అని రాస్తే గుడులొచ్చి తలకట్లు ఎగిరిపోతాయి. మనిషి ఆశయం మాటమాటకూ మారుతుందా? ఇక కిందికి దిగే తోకల సంగతి. 'లక్ష్మి' అని రాయగానే ఒత్తులు రెండు మెట్లు కిందికి దిగుతాయి. అది కోరిక కాదు, వర్ణమాల.

గుండ్రటి అక్షరాలు మెత్తటి మనసుకు గుర్తని కూడా చెప్పారు. తెలుగు అక్షరాలన్నీ గుండ్రమే. గంటంతో తాటాకు మీద తిన్నగా గీస్తే ఆకు నార వెంట చీలిపోతుందని మనవాళ్ళు గుండ్రంగా తిప్పారంటారు. ఆ లెక్కన తెలుగువాళ్ళమంతా మెత్తటివాళ్ళమే కావాలి. పండగ ముందు రోజు పూర్ణా మార్కెట్‌కి వెళ్ళినవాళ్ళెవరూ ఆ మాట ఒప్పుకోరు.

అయితే తెలుగు రాతలో చూడాల్సినది ఏమీ లేదా? బోలెడుంది. తలకట్టు అక్షరానికి అంటుకుని ఉందా, గాలిలో విడిగా తేలుతోందా? సున్న పూర్తిగా మూసుకుందా, నోరు తెరుచుకుని ఉందా? 'ధ', 'భ', 'ఫ' కింద ఒత్తు గీత నిలువా, ఏటవాలా? 'థ' లోపలి చుక్క చుక్కేనా, చిన్న గీతా? 'మ', 'య' రెండింటికీ తేడా తెలుస్తోందా? ఒత్తు అసలు అక్షరమంత పెద్దదా, నలకంతా? 'ఋ' రాయమంటే చెయ్యి ఆగిందా? ఈ పట్టిక పది మంది రాతలకు వేసి చూడండి. ఏ రెండూ ఒకటి కావు. బ్యాంకులో నేను చేసింది ఇదే. రాసినది ఎవరో పట్టిచ్చేవి ఇవే అలవాట్లు. కోర్టులు ఒప్పుకునేదీ ఈ పనినే. 1872 నాటి సాక్ష్య చట్టం 45వ సెక్షన్ ప్రకారం, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో 39వ సెక్షన్ ప్రకారం, దస్తూరి నిపుణుడి అభిప్రాయం సాక్ష్యంగా చెల్లుతుంది. అలాంటి నిపుణులుండే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం హైదరాబాదులో ఉంది. వాళ్ళను అడిగేది ఈ వీలునామా ఈయన రాసిందేనా అని. ఈయన మంచివాడా అని కాదు.

రాత నుంచి నమ్మకంగా లాగగలిగేవి ఇంకొన్ని ఉన్నాయి, అవి మనిషి గుణం కాదు గానీ మనిషి చరిత్ర. 'ర్'కు బదులు అక్షరం పక్కన పెట్టే వలపలగిలక వేసి, అరసున్న పెట్టి, ౧౨౩ అంకెలు వేసి రాసిన ఉత్తరం దొరికితే రాసినవారు పాతకాలపు బడిలో చదువుకున్నారని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. పాత భూమి కాగితాల్లో చెయ్యి ఎత్తకుండా పోయే గొలుసుకట్టు రాత కనిపిస్తే అది కరణంగారి చెయ్యి. మందుల చీటీ మీద డాక్టరుగారి గీతలు రోజుకు వంద మందిని చూసిన తొందర. ఇంకొకటి నన్ను చాలాకాలం మోసం చేసింది. నలభై ఏళ్ళ మనిషి, పెద్ద ఉద్యోగి, తెలుగులో రాస్తే నాలుగో తరగతి పిల్లాడి అక్షరాల్లా పెద్దగా, విడివిడిగా ఉంటాయి. పసితనం పోలేదనుకునేవాణ్ణి. అసలు కారణం ఆయన తెలుగు రాయడం బడితోనే ఆగిపోయింది. చేతికి ఎక్కడ అలవాటు ఆగిందో రాత అక్కడే ఉండిపోతుంది.

ఊహ ముందు, జవాబు తర్వాత

పట్టిక ప్రకారం ఒక్కొక్కరి గురించి మీ ఊహలు రాసి కవర్లో పెట్టి అంటించండి. రాసేటప్పుడు గోడమీద పిల్లి వాక్యాలు వద్దు. "పైకి నవ్వుతూ ఉన్నా లోపల కొంత ఆందోళన ఉంటుంది", "కొన్నిసార్లు నలుగురితో కలుస్తారు, కొన్నిసార్లు ఒంటరిగా ఉండాలనుకుంటారు" అంటే కాదనే మనిషి భూమ్మీద ఉండడు. 1948లో అమెరికాలో బెర్‌ట్రామ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వారికంటూ ఒక్కో వర్ణన ఇచ్చాడు. ఎంత సరిపోయిందో 5కి మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. అప్పుడు బయటపెట్టాడు, అందరికీ ఇచ్చింది ఒకే వర్ణన, అదీ ఎక్కువ భాగం బజార్లో దొరికే జ్యోతిషం పుస్తకంలోది.

ఇది ఇంట్లో చేసి చూడాల్సిందే. ఐదుగురికీ ఒకే వర్ణన ఇచ్చి "మీ రాత చూసి రాశాను" అనండి. మార్కులు వేయించుకున్నాక నిజం చెప్పేయండి. మా వదినగారైతే 5కి 5 వేసి "అచ్చం నన్ను లోపల చూసినట్టు రాశారు" అంది. నిజం చెప్పాక వారం రోజులు మాట్లాడలేదు. కాబట్టి ఎవరితో చేస్తున్నారో చూసుకోండి.

జత కలిపే పరీక్ష

అసలు పరీక్ష ఇది. ఐదుగురూ బాగా తెలిసిన ఒక మనిషిని పట్టుకోండి. ఆ ఐదుగురి గురించి ఐదు చీటీలు రాయించండి, పేర్లు లేకుండా. గుణాలు కాదు, కళ్ళతో చూసిన పనులు రాయాలి. "పెళ్ళికి వెళ్తే ముందు తనే అందరినీ పలకరిస్తాడు", "కరెంటు బిల్లు గడువుకు వారం ముందే కడతాడు", "ఒకసారి కోపం వస్తే ఏడాది మోస్తాడు" ఇలా చీటీకి మూడు. ఇప్పుడు ఐదు రాతలు, ఐదు చీటీలు మీ ముందుంటాయి. ఏ రాత ఏ చీటీదో జత కలపండి.

రాతల అసలు కాగితాలు కాకుండా జిరాక్స్ కాపీలతో చేయండి. ఎందుకో అనుభవం మీద తెలిసింది. మొదటిసారి నాతోపాటు మా ఆవిడా కూర్చుంది. దస్తూరి శాస్త్రంలో ఓనమాలు తెలియవు. నాకు రెండు కలిశాయి, ఆవిడకు మూడు. ఎలా అని అడిగితే ఒక కాగితం చూపించి "పసుపు మరక కనపడట్లేదా? మీ పెదనాన్న కొడుకు ఒక్కడే కదా మీ మగాళ్ళలో వంటింట్లోకి వచ్చేది" అంది. ఒత్తిడి చూడటం జిరాక్స్ మీద కుదరదు, అది ముందే తడిమి రాసిపెట్టుకోండి.

లెక్క ఎలా చూడాలో చెబుతాను. ఐదు రాతలను ఐదు చీటీలకు 120 రకాలుగా జత చేయొచ్చు. కళ్ళకు గంతలు కట్టుకుని చేసినా సగటున 1 కలుస్తుంది. రెండు లేదా అంతకన్నా ఎక్కువ కలిసే వరస 120లో 31, అంటే నాలుగుసార్లు ఆడితే ఒకసారి ఊరికే వచ్చేస్తుంది. మూడు లేదా అంతకు మించి కలిసేది 120లో 11. సరిగ్గా నాలుగు కలవడం ఎప్పటికీ జరగదు, నాలుగు కలిస్తే ఐదోదీ కలిసినట్టే. అందుకని రెండు కలిశాయని ఎగరకండి. నేను ఎగిరాను. కొత్త మనుషులతో ఇంకో నాలుగుసార్లు చేశాను. ఒకటి, సున్నా, ఒకటి, రెండు. మొదటిదీ కలిపితే సగటు 1.2.

ఇలా లెక్కపెట్టడం మన ఊరికి కొత్త కాదు. ఆంధ్ర యూనివర్సిటీలో కె. రామకృష్ణారావు గారు 1960లలో మనస్తత్వ శాస్త్రం, పరామనోవిజ్ఞానం కలిపి ఒక విభాగమే నెలకొల్పారు. ఆయన అమెరికాలో, అతీంద్రియ శక్తిని లెక్కలతో తేల్చాలని చూసిన జె.బి. రైన్‌తో కలిసి పనిచేసినవారు. రైన్ వాడిన పేక ముక్కలు 25, వాటి మీద 5 రకాల బొమ్మలు. చూడకుండా చెబితే సగటున 5 సరిపోవాలి, అంతకు మించితేనే మాట్లాడాలి. అతీంద్రియ శక్తి ఉందా లేదా అన్న వాదన పక్కన పెట్టండి. ఊరికే ఎన్ని కలుస్తాయో ముందే కాగితం మీద పెట్టుకున్న ఆ పద్ధతి మాత్రం తీసుకోండి.

మీకు సగటు రెండున్నర, మూడు వస్తుందా? అయితే ముందు పసుపు మరకల కోసం వెతకండి. దొరక్కపోతే ఇంకో పాతికమందితో చేయండి.

సంతకం మార్చమంటే

రాత మారిస్తే గీత మారుతుందని చెప్పేవాళ్ళు ఎక్కువయ్యారు. సంతకం పైకి ఎక్కాలి, కింద గీత ఉండాలి, మొదటి అక్షరం పెద్దది కావాలి, ఇలా. మార్చుకోవడం మీ ఇష్టం. మార్చేముందు మాత్రం మీ బ్రాంచికి గుర్తింపు కార్డు పట్టుకుని వెళ్ళి కొత్త నమూనా సంతకం ఇవ్వండి. పాత సంతకంతో ఎవరికైనా రాబోయే తేదీ వేసి చెక్కులిచ్చి ఉంటే అవి పాస్ అయ్యేదాకా ఆగండి. పాన్ కార్డు, డీమ్యాట్, లాకరు, బీమా, ఒక్కోచోట ఒక్కో కాగితం. అదృష్టం కోసం సంతకం మార్చి, మర్నాడే ఇంటి వాయిదా చెక్కు 'సంతకం తేడా' అని తిరిగొచ్చి జరిమానా కట్టినవాళ్ళని కౌంటర్ అవతల చాలామందిని చూశాను.

ఉద్యోగాల్లోనూ ఇది దూరింది. మా మేనల్లుడిచేత ఒక ప్రైవేటు కంపెనీవాళ్ళు పేజీ రాయించుకుని "మీ రాతలో నాయకత్వం లేదు" అని పంపేశారు. వాడి అక్షరాలు చిన్నవి. నాలుగు గీతల పుస్తకంలో మధ్య గీతలు దాటితే వేళ్ళ మీద కొట్టే టీచరు దగ్గర నేర్చుకున్నవి. మీకు అలాంటిదే ఎదురైతే, పని చేయించి చూసే పరీక్ష ఏదైనా ఉందా అని మర్యాదగా అడగండి. పిల్లల విషయంలో అయితే, బాగా చదివే పిల్ల రాయడానికి మాత్రం గింజుకుంటుంటే బద్ధకం, మొండితనం అని పేరు పెట్టకండి. డిస్‌గ్రాఫియా అని, రాయడమే కష్టమయ్యే సమస్య ఒకటుంది, పిల్లల నిపుణులకు చూపించాలి.

ఒకే మనిషి, రెండు కాలాలు

ఒకరి రాతను ఇంకొకరి రాతతో పోల్చి గుణాలు చెప్పడం మానేశాక నాకు మిగిలింది ఒకే మనిషి రాతను అదే మనిషి పాత రాతతో పోల్చడం. ఇది నిజంగా పనికొస్తుంది.

పోర్టులో చేసి రిటైరైన ఒక పెద్దాయన ప్రతి నెలా ఒకటో తారీకున వచ్చేవారు. ఒక ఏడాది ఆయన సంతకం కార్డుతో కలవడం మానేసింది. మొదటి అక్షరాలు బాగానే ఉండేవి, పోనుపోను చిన్నవైపోయి చివర చీమ పాకినట్టుండేది. రెండుసార్లు చెక్కు తిప్పి పంపాను. "ఏటి బాబూ, ముప్పయ్యేళ్ళుగా పెడతన్న సంతకం, నాది కాదంటావేటి?" అన్నారు. రూల్ ప్రకారం నేను చేసింది తప్పు కాదు. ఆర్నెల్ల తర్వాత వాళ్ళబ్బాయి వచ్చి నాన్నగారికి పార్కిన్‌సన్స్ అనే నరాల జబ్బని చెప్పాడు. అక్షరాలు అలా కుంచించుకుపోవడాన్ని డాక్టర్లు మైక్రోగ్రాఫియా అంటారు. చెయ్యి వణకడం కంటే ముందే కొందరిలో ఇది కనపడుతుంది. సంవత్సరమంతా ఆ కాగితాలు నా చేతిలోనే ఉన్నాయి.

అందుకని చివరి పని. ఏటా ఒక రోజు పెట్టుకోండి. పింఛనుదార్లయితే నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే రోజే సులువు, మర్చిపోరు. పైన ఇచ్చిన ముక్కే, అదే రకం పెన్నుతో, గీతల్లేని కాగితం మీద, ఆగకుండా రాయండి. వెనక తేదీ వేసి, ఆరోజు జ్వరం ఉందా, నిద్ర సరిగ్గా పట్టిందా, కళ్ళజోడు మారిందా రాయండి. బీమా బాండ్లు పెట్టుకునే ఫైల్లోనే పెట్టండి. పోయినేడాది కాగితం పక్కన పెట్టి చూసి, అక్షరాలు చిన్నవయ్యాయనిపించినా, గీత వణికిందనిపించినా, ఆ రెండు కాగితాలూ పట్టుకుని న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్ళండి. ఒక్కసారి చూసి భయపడక్కర్లేదు, పెన్ను మారినా రాత మారుతుంది.

కొలత ఇలా తీసుకోండి. డిక్టేషన్ మొదటి మాట 'నిన్న', చివరి వాక్యం మొదటి మాట 'నిన్నటి'. రెండింట్లోనూ 'ని' ఎత్తు స్కేలుతో కొలిచి కాగితం మూలన వేయండి. నావి పోయిన నవంబరులో మొదటిది 4 మిల్లీమీటర్లు, చివరిది మూడున్నర. అంతకు ముందు ఏడాదీ అంతే.